మిగిలిపోయిన మరమ్మతు

హనుమకొండలో నేను జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో బీఎస్సీ జన్యుశాస్త్రం పుస్తకంలో డీఎన్ఏ మరమ్మతుకు దక్కింది అర పేజీ. పరీక్షలో దాని మీద చిన్న ప్రశ్న ఒకటి వచ్చేది, అదీ ఏడాది విడిచి ఏడాది. పిల్లలు ఫోటో రీయాక్టివేషన్ అనే మాటను గట్టిగా పట్టుకునేవారు. అతినీలలోహిత కిరణాలు తగిలి చచ్చే దశలో ఉన్న సూక్ష్మజీవులను వెలుతురులో పెడితే తేరుకుంటున్నాయని 1949లో ఆల్బర్ట్ కెల్నర్ గమనించడం, ఆ పని చేసేది ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ అని తర్వాత తేలడం, ఒక బొమ్మ, అంతటితో సరి. ఆ ఎంజైమ్ బ్యాక్టీరియాకు ఉంది, చేపకు ఉంది, కప్పకు ఉంది, కంగారూ జాతికి కూడా ఉంది. మనిషికి లేదు. మాయతో బిడ్డను మోసే జంతువులన్నీ దాన్ని ఏనాడో పోగొట్టుకున్నాయి. మన ఒంట్లో లేని పనిముట్టుతో పాఠం మొదలుపెట్టి, దానితోనే ముగించేవాళ్లం. సిలబస్ రాసినవాళ్ల మీద నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

పదవీ విరమణ తర్వాత సుబేదారిలో ఇంటిపట్టున ఉండి పాత పరిశోధన పత్రాలు ఏరడం మొదలుపెట్టాను. మనిషి కణం తన డీఎన్ఏను ఎలా బాగుచేసుకుంటుందన్న శాస్త్రంలో తెలుగువాళ్ల చెయ్యి ఎక్కడైనా ఉందా అని వెతుకులాట. స్వీడన్, టర్కీ, అమెరికా పేర్లు నోబెల్ జాబితాలోనే దొరుకుతాయి. మన పేర్లు దొరకాలంటే పత్రాల అట్టడుగుకు వెళ్లాలి. వెళ్లగా నాకు అర్థమైంది ఇది: అక్కడి ప్రయోగశాలలు మరమ్మతు చేసే ఎంజైమ్‌లను ఒక్కొక్కటిగా పట్టుకుని, శుద్ధిచేసి, పేర్లు పెట్టాయి. మనవాళ్లు ఎక్కువగా మరమ్మతు కాకుండా మిగిలిపోయినదాన్ని లెక్కపెట్టారు. రెండో పని మొదటిదానికంటే చిన్నదని నేను ఒప్పుకోను.

లెక్కలు సుబేదారికి కొత్తేమీ కాదు. నిజాం రాజ్యాన్ని నాలుగు సుబాలుగా పంచినప్పుడు వరంగల్ సుబా పాలన ఇక్కడి నుంచే సాగింది. 1886లో పునాది పడ్డ సుబేదారు బంగళా తర్వాతి రోజుల్లో కలెక్టరు నివాసమైంది. శిస్తు, దావా, వాన, పంట, జనాభా, అన్నీ ఇక్కడి దస్తరాల్లోకి ఎక్కినవే. నిజాం కాలంలో 1927లో పుట్టిన కాలేజీ ఇప్పుడు సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీగా ఉంది. 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. నాకు తెలిసిన డిగ్రీ కాలేజీ ల్యాబుల్లో జన్యుశాస్త్రపు ఆస్తి అంటే ఉల్లిగడ్డ వేర్లు, ఎసిటోకార్మిన్ రంగు, పాలసీసాల్లో పండ్ల ఈగలు. వేరు కొసను స్లైడు మీద పెట్టి, కవర్‌స్లిప్‌ను బొటనవేలితో జరగకుండా నొక్కి క్రోమోజోములను విడదీయడం చేతనైతే చాలు, ఆ విద్యార్థికి జన్యుశాస్త్రం వచ్చినట్టే లెక్క. ఈ బొటనవేలి పని ముందుముందు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక కణం లోపలి సంగతి. డీఎన్ఏ మనం అనుకున్నంత గట్టి పదార్థం కాదు. ఏ విషమూ తగలకపోయినా, ఒంటి వేడికి, ఒంట్లోని నీటికే అది చెడుతుంది. 1970ల మొదట్లో థామస్ లిండాల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఈ చెడును లెక్కగట్టాడు. ఒక్క మనిషి కణంలో రోజుకు దాదాపు 10,000 చోట్ల అడెనిన్, గ్వానిన్ అక్షరాలు ఊడి పడిపోతాయని అంచనా. మరో వంద, రెండు వందల చోట్ల సైటోసిన్ అనే అక్షరం తన అమైన్ గుంపును పోగొట్టుకుని యురాసిల్‌గా మారుతుంది. యురాసిల్ ఉండాల్సింది ఆర్ఎన్ఏలో. దాన్ని అలాగే వదిలేస్తే తర్వాతి నకలులో తప్పు అక్షరం శాశ్వతంగా కూర్చుంటుంది. ఇంత చెడు జరుగుతున్నా మనం బతికే ఉన్నామంటే ఎవరో బాగుచేస్తున్నారన్నమాట. ఆ ఎవరో అన్నదాన్ని లిండాల్ 1974లో బ్యాక్టీరియాలో పట్టుకున్నాడు. యురాసిల్‌ను మాత్రమే గుర్తుపట్టి తీసేసే గ్లైకోసిలేజ్ అది.

మనిషి కణంలోనూ వరస అదే. గ్లైకోసిలేజ్ డీఎన్ఏ వెంట జారుతూ పోయి, యురాసిల్ తగలగానే దాన్ని పేట బయటికి తిప్పి, చక్కెరతో ఉన్న బంధాన్ని తెంపుతుంది. అక్షరం పోయి చోటు బోసిగా మిగులుతుంది. ఆ బోసి చోటు పక్కన ఏపీ ఎండోన్యూక్లియేజ్ అనే మరో ఎంజైమ్ పేటను కోస్తుంది. పాలిమరేజ్ బీటా మిగిలిన చక్కెర ముక్కను తొలగించి, ఎదుటి పేటలో ఏముందో చూసి, సరిపోయే అక్షరాన్ని ఒక్కదాన్నే పెడుతుంది. లైగేజ్ వచ్చి అతుకుతుంది. వరంగల్ కొత్తవాడలో తివాచీలు నేసేవాళ్లు చెడ్డ పోగును ఒక్కదాన్నే లాగేసి, పక్కవి కదలకుండా మంచి పోగు ఎక్కిస్తారే, ఆ ఒడుపే ఇది. పాలిమరేజ్ బీటా పేరును పాఠకులు కాస్త మనసులో ఉంచుకోవాలి. హైదరాబాదులో దానికి పెద్ద కథే ఉంది.

ఎండ దెబ్బకు పక్కపక్క థైమిన్‌లు రెండు అతుక్కుపోతే ఒక్క అక్షరం తీస్తే చాలదు. అప్పుడు వేరే బృందం వచ్చి దెబ్బకు అటూ ఇటూ కోసి, 30కి కాస్త తక్కువ అక్షరాలున్న ముక్కను మొత్తంగా ఎత్తేస్తుంది. దీన్ని విడమరిచినవాడు అజీజ్ సాంజార్, టర్కీ పల్లెలో వైద్యం చేసి తర్వాత పరిశోధనలోకి వచ్చినవాడు. ఆ బృందంలో ఒక్క సభ్యుడు లేకపోయినా ఏమవుతుందో 1968లో జేమ్స్ క్లీవర్ చూపించాడు. జీరోడెర్మా పిగ్మెంటోసం అనే జబ్బున్నవాళ్ల చర్మకణాలు ఎండ దెబ్బను కత్తిరించలేవు. ఆ పిల్లలకు చర్మం క్యాన్సర్ వచ్చే అవకాశం ఇతరులకంటే వేల రెట్లు. మూడో రకం మరమ్మతు, నకలు రాసేటప్పుడు జారిపోయిన తప్పులను దిద్దేది, పాల్ మాడ్రిచ్ పేరు మీద ఉంది. లిండాల్, సాంజార్, మాడ్రిచ్ ముగ్గురికీ కలిపి 2015లో రసాయనశాస్త్రం నోబెల్ ఇచ్చారు. ఆ వార్త వచ్చిన సాయంత్రం నాకు గుర్తొచ్చింది మా అర పేజీ.

మన లెక్క మేనరికంతో మొదలవుతుంది. మరమ్మతు ఎంజైమ్‌కు జన్యువు రెండు నకళ్లుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోదానితో పని నడిచిపోతుంది. రెండూ చెడితేనే జీరోడెర్మా, ఫాంకోనీ రక్తహీనత, అటాక్సియా టెలాంజియెక్టేసియా వంటి జబ్బులు. ఒకే తాతకు మనవడూ మనవరాలూ అయిన బావామరదళ్లు పెళ్లాడితే, వాళ్ల బిడ్డకు ఏ జన్యువులోనైనా ఒకే పూర్వీకుడి నకలు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. అక్క బిడ్డను చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు. క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేసి, మీ ఇళ్లలో మేనరికాలు ఉన్నాయా అని అడిగితే చేతులు చాలానే లేచేవి. ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మా అమ్మను మా అమ్మమ్మ తమ్ముడికే ఇచ్చిన్రు, మరి నేను మంచిగనే ఉన్న గద" అన్నది. ఉన్నావు, ఎందుకంటే ఎనిమిదింట ఏడు వంతులు నీ వైపే ఉన్నాయి అని చెప్పాను. క్లాసంతా నవ్వింది, ఆ పిల్ల మాత్రం ఎనిమిదో వంతు ఎవరిది అని అడిగి కూర్చుంది.

ఆ ఎనిమిదో వంతును మన ఊళ్లలో లెక్కగట్టడానికి పూనుకున్నవాళ్లలో ఇద్దరి పేర్లు చెప్పాలి, ద్రోణంరాజు, మీరాఖాన్. జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు. ద్రోణంరాజు, పి. మీరాఖాన్ కలిసి 1960లో ఆంధ్రప్రదేశ్‌లోని దగ్గరి సంబంధాల మీద ఒక పత్రం, 1963లో వాటి విస్తృతి, ఫలితాల మీద మరింత పెద్దది అచ్చువేశారు. ఆంధ్రదేశపు పెళ్లిళ్ల మీద వాళ్లు రాసిన ఇంకో పత్రం శీర్షికలో దగ్గరి సంబంధంతో పాటు కులం, నిరక్షరాస్యత కూడా ఉన్నాయి.  అది చూసి నాకు ముచ్చటేసింది. హాల్డేన్ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఖరీదైన యంత్రాలు లేకుండానే సైన్సు చేయవచ్చని నమ్మినవాళ్లు. ఎదుటి మనిషిని ఓపిగ్గా అడగడం, కళ్లకు కనిపించింది రాసుకోవడం, కూడికలు చేయడం, ఇవే వాళ్ల పరికరాలు.

ద్రోణంరాజు తర్వాత అమెరికాలో హ్యూస్టన్‌లో స్థిరపడ్డాడు, హాల్డేన్ జీవితం మీద పుస్తకాలు రాశాడు, ఆయన పేరు కొందరికి తెలుసు. మీరాఖాన్ సంగతి ఎవరూ ఎత్తరు. నాకైతే ఈ మొత్తం కథలో ఆయనే ముఖ్యుడు. ఆయన నెదర్లాండ్స్‌లో లైడెన్ విశ్వవిద్యాలయంలో మానవ జన్యుశాస్త్ర విభాగానికి వెళ్లాడు. సెల్యులోజ్ అసిటేట్ జెల్ మీద విద్యుత్తు పారించి కణాల్లోని ఎంజైమ్‌లను పట్టీలుగా విడదీసే పద్ధతిని 1971లో రాశాడు. మనిషి, ఎలుక కణాలను కలిపి సంకరం చేసినప్పుడు ఏ ఎంజైమ్ ఏ క్రోమోజోము వెంట వస్తుందో కనిపెట్టడానికి ప్రపంచమంతా ఆ రోజుల్లో అలాంటి పట్టీలనే చదివేది. అంటే ఎంజైమ్ చదవడం వచ్చు, అంతకుముందే కుటుంబాలను చదవడమూ వచ్చు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదు.

ఒకే కుటుంబంలో తరతరాలుగా, చిన్న వయసులోనే క్యాన్సర్ వస్తున్న ఇళ్లు కొన్ని ఉన్నాయని అమెరికాలో ఆల్డ్రెడ్ వార్తిన్ 1913లోనే రాశాడు. హెన్రీ లించ్ 1960ల్లో అలాంటి కుటుంబాలను వెతికి పట్టుకున్నాడు. చాలామంది డాక్టర్లు నమ్మలేదు, యాదృచ్ఛికమన్నారు. ఏది వంశపారంపర్యమో ఏది కాదో తేల్చడానికి అన్ని దేశాలకూ ఒకే కొలబద్ద కావాల్సి వచ్చింది. ఆంస్టర్‌డామ్‌లో కూర్చుని కొందరు ఆ కొలబద్ద తయారుచేశారు, 1991లో అచ్చయింది. రాసినవాళ్లు హాన్స్ వాసెన్, మెక్లిన్, మీరాఖాన్, లించ్. కుటుంబంలో కనీసం ముగ్గురికి పెద్దపేగు క్యాన్సర్ ఉండాలి, వాళ్లలో ఒకరు మిగతా ఇద్దరికీ తోబుట్టువో, బిడ్డో, కన్నవారో కావాలి, జబ్బు కనీసం రెండు తరాల్లో కనిపించాలి, ఒక్కరికైనా 50 ఏళ్ల లోపు వచ్చి ఉండాలి. అందులో ఎంజైమ్ మాటే లేదు. ఉన్నదల్లా వంశవృక్షం.

రెండేళ్లకే, 1993లో, ఆ కుటుంబాల్లో చెడింది ఎంఎస్‌హెచ్2 అనే జన్యువని తేలింది. 1994లో ఎంఎల్‌హెచ్1 దొరికింది. రెండూ మాడ్రిచ్ బ్యాక్టీరియాలో విడమరిచిన తప్పుదిద్దే మరమ్మతుకు మనిషిలో సోదరులు. నకలు రాసే పాలిమరేజ్ చదివి చదివి కూడా వదిలేసిన తప్పులను ఎంఎస్‌హెచ్2 జంట పట్టుకుంటుంది, ఎంఎల్‌హెచ్1 జంట కొత్త పేటలో గాటు పెట్టిస్తుంది, తప్పున్న ముక్క తొలగి మళ్లీ రాయబడుతుంది. దీనివల్ల నకలు తప్పులు వందల రెట్లు తగ్గుతాయి. ఇది లేకపోతే కణం విభజన చెందిన ప్రతిసారీ తప్పులు పేరుకుంటాయి. 1998లో జూల్ వైనెన్, వాసెన్, మీరాఖాన్ తదితరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఏ కుటుంబానికి జన్యుపరీక్ష చేస్తే ఫలితం ఉంటుందో చెప్పే పద్ధతి ఇచ్చారు. పెద్దపేగు క్యాన్సర్లలో వందకు మూడింటిదాకా ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్న ఈ జబ్బే. మీ ఇంట్లో ఆంస్టర్‌డామ్ కొలబద్దకు సరిపోయే చరిత్ర ఉంటే కొలనోస్కోపీ గురించి డాక్టరును అడగండి, సిగ్గుపడే విషయమేమీ లేదు. మేనరికాల ఆంధ్రలో ఊళ్ల పెళ్లిళ్లను రాసుకున్న మనిషి చెయ్యి ఆ కొలబద్దలో ఉంది.

అది కుటుంబాల లెక్క. ఇప్పుడు పత్తి చేల లెక్క. మా అత్తగారి ఊరు పరకాల వైపు. గుంటూరు నుంచి వచ్చి భూములు కౌలుకు పట్టిన రైతులు పత్తిని ఈ జిల్లాలో బాగా పెంచారు. వాళ్లు స్థిరపడిన గుంటూరుపల్లెలు ఇప్పటికీ ఉన్నాయి. జొన్న, కంది వేసుకునే మా వాళ్లు కూడా పత్తిలోకి దిగారు. మందు లేకుండా పత్తి లేదు. మా మరిది వీపుకు పంపు తగిలించుకుని, మూతతో కొలిచి, కర్ర అందకపోతే చేత్తోనే కలిపి, గాలి ఎటున్నా సాలు వెంట పోయేవాడు. "మందు గొట్టొచ్చినంక రెండు దినాలు నోట్ల చేదుంటది వదినె, కల్లు తాగినా పోదు" అనేవాడు. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్, క్వినాల్‌ఫాస్, సైపర్‌మెత్రిన్, ఈ పేర్లు మా ఊళ్లో బడిపిల్లలకు కూడా వచ్చు.

1997లో లద్దె పురుగు పత్తిని ఊడ్చిపెట్టింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. ఆ చలికాలం వరంగల్ జిల్లాలో రైతులు అదే మందు తాగి చనిపోవడం దేశమంతా వార్త అయింది. 1997 నుంచి 2002 వరకు వరంగల్‌లో పురుగుమందు విషంతో ఆసుపత్రిలో చేరినవాళ్లు 8,040 మంది అని, వాళ్లలో వందకు 22 మందికి పైగా దక్కలేదని 2005లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లవే. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. ఇది కళ్లముందు కనిపించిన చావు. కనిపించని లెక్కను అంతకు ముందే ఉస్మానియా జన్యుశాస్త్రవేత్తలు మొదలుపెట్టి ఉన్నారు.

డి.ఎస్. రూప, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి 1989 నుంచి వరసగా పత్రాలు వేశారు. పత్తి చేలలో మందు కొట్టేవాళ్ల దగ్గర కాస్త రక్తం తీసుకుంటారు. తెల్లకణాలు మామూలుగా విభజన చెందవు, వాటిని లేపడానికి రాజ్మా గింజల జాతి నుంచి తీసిన ఫైటోహీమాగ్లూటినిన్ వేస్తారు. రెండు మూడు రోజులు ఒంటి వేడిలో పెంచి, కాల్చిసిన్‌తో విభజనను సగంలో ఆపి, పలచని ఉప్పునీళ్లతో కణాన్ని ఉబ్బించి, స్లైడు మీద చుక్క పడేస్తారు. క్రోమోజోములు విచ్చుకుంటాయి. ఉల్లివేరును నొక్కే మా బొటనవేలి పనికి ఇది పెద్దన్న. ఆపైన గంటలకొద్దీ మైక్రోస్కోపు దగ్గర కూర్చుని, ఏ క్రోమోజోము విరిగింది, ఎక్కడ సందు పడింది, ఎన్ని ముక్కలు దారి తప్పాయి అని లెక్కపెట్టడమే. కళ్లు మండుతాయి, మెడ పడుతుంది. ఈ పనికి నోబెల్ ఎవరూ ఇవ్వరు.

వాళ్లు రెండు రకాలుగా లెక్కపెట్టారు. విరుగుళ్లు, సందులు అంటే మరమ్మతు కాక మిగిలినవి. రెండోది అక్కచెల్లెళ్ల క్రోమాటిడ్ల మార్పిడి. బ్రోమోడీఆక్సీయురిడిన్ కలిపి రెండు విభజనలు కానిస్తే ఒక్కో క్రోమోజోములో ఒక క్రోమాటిడ్ ముదురుగా, ఒకటి లేతగా రంగు పడుతుంది. అవి మధ్యలో చోటు మార్చుకుని ఉంటే గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. నకలు రాసే యంత్రం దెబ్బతిన్న చోట ఆగిపోయినప్పుడు పక్కన ఉన్న అచ్చు నకలును చూసి దాటే మరమ్మతు వదిలిన గుర్తులు ఆ గళ్లు. కాబట్టి మైక్రోస్కోపు కింద వాళ్లు చూస్తున్నది పని జరిగిన చోటును, పని జరగని చోటును. మందు కొట్టేవాళ్లలో రెండూ ఇతరులకంటే ఎక్కువే వచ్చాయి. పొగ తాగే స్ప్రేయర్ల మీద వేరేగా చూశారు. 1991లో మందు కొట్టే మగవాళ్లున్న వెయ్యికి పైగా జంటల కాన్పుల చరిత్ర సేకరించారు. గర్భస్రావాలు, మృతశిశువులు, పుట్టాక కొద్దిరోజులకే పోయిన పిల్లలు ఎక్కువని తేలింది. 2003లో హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు పురుగుమందు తయారుచేసే కార్మికుల మీద ఇదే ప్రశ్నను కామెట్ పరీక్షతో అడిగారు. నరేంద్ర సింగ్ 1988లో క్షారపు ద్రావణంతో మెరుగుచేసిన పద్ధతి అది. తెగిన డీఎన్ఏ విద్యుత్తుకు కణం బయటికి తోకగా సాగుతుంది, తోక ఎంత పొడవో అంత దెబ్బ. అక్కడా కార్మికుల తోకలే పొడవు.

డైక్లోర్వాస్ వంటి కొన్ని మందులు డీఎన్ఏకు మిథైల్ గుంపును తగిలించగలవని పరీక్షనాళికలో తెలుసు. గ్వానిన్ మీద ఒక ప్రమాదకరమైన చోట మిథైల్ పడితే దాన్ని తీయడానికి మన కణంలో ఎంజీఎంటీ అనే ప్రొటీను ఉంది. అది మిథైల్‌ను తన మీదికే తీసుకుని, అంతటితో పనికిరాకుండా పోతుంది. ఒక్క దెబ్బకు ఒక ప్రొటీను ఖర్చు. కణం మరొకటి తయారుచేసుకోవాలి, దానికి తిండి కావాలి.

తిండి అనగానే యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రాక తప్పదు. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించిన ఆ మహానుభావుడు 1948లో పోయాడు. అప్పటికి డీఎన్ఏ మెలికల నిచ్చెన బొమ్మే లేదు. ఫోలిక్ ఆమ్లం లేకపోతే రక్తం ఎందుకు చెడుతుందో సగమే తెలుసు. థైమిన్ తయారవడానికి ఫోలేట్ కావాలి. అది చాలకపోతే థైమిన్ ఉండాల్సిన చోట యురాసిల్ ఎక్కుతుంది, కొరత బాగా ఉన్నవాళ్ల కణంలో 40 లక్షల దాకా ఎక్కుతుందని 1997లో బ్లౌంట్, ఏమ్స్ బృందం కొలిచింది. అప్పుడు మన గ్లైకోసిలేజ్ శ్రద్ధగా వచ్చి ఒక్కొక్క యురాసిల్‌ను కోస్తుంది, పాలిమరేజ్‌కు థైమిన్ దొరక్క మళ్లీ యురాసిలే పెడుతుంది, మళ్లీ కోత. ఎదురెదురు పేటల్లో రెండు కోతలు దగ్గరపడితే క్రోమోజోమే తెగుతుంది. బాగుచేసే చేతులతోనే విరగ్గొట్టడం. గర్భిణులకు అంగన్‌వాడీల్లో ఇచ్చే ఐరన్ గోళీల్లో ఉన్నది ఇదే ఫోలిక్ ఆమ్లం. కడుపులో తిప్పుతుందని గోళీలను గోడ అవతలికి విసిరేసే కోడళ్లను మా ఊళ్లో చూశాను. మీరు విసిరేసేది సుబ్బారావును అని వాళ్లతో అనలేం కదా, నిమ్మకాయ నీళ్లతో మింగమని చెప్పేదాన్ని.

పాలిమరేజ్ బీటా కథ బాకీ ఉంది. దాన్ని తెలుగుదేశంలో తన జీవితకాలపు పనిగా పెట్టుకున్నవాడు కల్లూరి సుబ్బారావు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రవేత్త. ఆయన అడిగింది ముసలితనం గురించి. మెదడు నరకణాలు పుట్టాక విభజన చెందవు. చర్మంలో లాగా పాతది రాలి కొత్తది రాదు. కాబట్టి వాటికి దిక్కు మరమ్మతు ఒక్కటే. 1963లో లెస్లీ ఆర్గెల్ ఒక భయంకరమైన ఊహ చేశాడు: వయసుతో ఎంజైమ్‌లే తప్పుగా తయారై, తప్పు ఎంజైమ్‌లు మరిన్ని తప్పులు చేసి, చివరికి కణం కుప్పకూలుతుందని. కల్లూరి సుబ్బారావు, జార్జ్ మార్టిన్, లారెన్స్ లోబ్ కలిసి పడుచు ఎలుకల, బాగా ముసలి ఎలుకల నరకణాల్లోని పాలిమరేజ్ బీటా ఎంత తప్పు లేకుండా రాస్తుందో పోల్చి 1985లో అచ్చువేశారు. ముసలి ఎంజైమ్ కూడా పడుచుదానంత సరిగానే రాస్తోంది. చెయ్యి వణకడం లేదు.

మరి ముసలి మెదడులో దెబ్బలు ఎందుకు పేరుకుంటున్నాయి? హైదరాబాదులో ఆయన, ఆయన విద్యార్థులు ఏళ్ల తరబడి ఎలుకల మెదళ్ల నుంచి నరకణాలను, వాటిని అంటిపెట్టుకుని ఉండే ఆస్ట్రోగ్లియాను విడదీసి, ఒక్కో పాలిమరేజ్‌ను ఒక్కో వయసులో కొలిచారు. వయసు పెరిగేకొద్దీ నరకణంలో బీటా పని తగ్గుతోంది. రాయడం మరిచిపోలేదు, రాసేవాళ్లే తక్కువయ్యారు. 2005లో జర్నల్ ఆఫ్ న్యూరోకెమిస్ట్రీలో వచ్చిన పత్రం నాకు అన్నిటికంటే ఇష్టం. ముసలి ఎలుక నరకణాల సారాన్ని తీసి, ఖాళీ ఉన్న డీఎన్ఏ ముక్క ఇస్తే సరిగా పూడ్చలేకపోయింది. శుద్ధమైన పాలిమరేజ్ బీటాను, లైగేజ్‌ను బయట నుంచి కలిపితే పని తిరిగి నడిచింది. తెగిన కొసలను నేరుగా అతికే మరో మరమ్మతు కూడా ముసలి నరకణంలో తగ్గుతుందని మరుసటి ఏడాది చూపించారు. మిగిలిపోయినదాన్ని లెక్కపెడుతూ పోయిన మన దారిలో, ఏది లేక మిగిలిపోయిందో పేరుపెట్టి చూపిన చోటు ఇదే. కల్లూరి సుబ్బారావుకు పద్మశ్రీ వచ్చింది. వరంగల్‌లో ఏ బీఎస్సీ పుస్తకంలోనూ నేను ఆయన పేరు చూడలేదు.

కిందటి సంక్రాంతికి ఊరు పోయినప్పుడు ఇవన్నీ మా మరిదికి చెప్పాను. ఎలుకల ముచ్చట ఆయనకు పట్టలేదు. "ఈ ఏడు మందు గొట్టుడు బందు జేస్త అనుకో వదినె, లోపల ఖరాబైంది మల్ల బాగైతదా?" అని సూటిగా అడిగాడు. దానికి జవాబు క్రొయేషియాలో ఉంది. జాగ్రెబ్ శాస్త్రవేత్తలు పురుగుమందు కార్మికులను పని జరిగే కాలంలో ఒకసారి, ఎనిమిది నెలలు దూరంగా ఉన్న తర్వాత మరోసారి పరీక్షించారు. దెబ్బ బాగా తగ్గింది, కానీ మందు ముట్టనివాళ్ల స్థాయికి దిగలేదు. చాలావరకు బాగైతది, అంతా కాదు అని చెప్పాను. ఆయన తలూపి, ఎనిమిది నెలలంటే రెండో పంట దాకా వస్తది అని వేళ్ల మీద లెక్కేసుకున్నాడు.

మా తోటికోడలు కల్లాపి చల్లుతూ అంతా విన్నది. "అక్కా, ఆ బట్టలు పిండేది నేనే గద, మరి నా సంగతేంది?" అన్నది. మందు చర్మం గుండా లోపలికి పోతుంది, తడి బట్ట నుంచి కూడా పోతుంది, నీ కణాల్లో ఉన్నవీ అవే ఎంజైమ్‌లు, వాటికీ అంతే పని పడుతుంది అన్నాను. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలపొద్దని, ముందు రెండుసార్లు ఉత్త నీళ్లలో జాడించి ఆ నీళ్లు చేదబావికి దూరంగా పారబోయమని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోమని చెప్పాను. తొడుగులు మందుల దుకాణంలోనే దొరుకుతాయట. మందు బిల్లులో వాటిని రాయించుకున్నవాళ్లను ఊళ్లో తానింకా చూడలేదన్నది.